బీడు అంటే ఖాళీ భూమి కాదు: మట్టిలోని కలుపు గాదె గురించి కొన్ని మాటలు



అన్నలారా, అక్కలారా, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మనం కూడిన ప్రతిసారీ భూమి గురించి మాట్లాడుకుంటాం. పట్టాలు, సర్వేలు, హద్దురాళ్లు, కేసులు. అవన్నీ మాట్లాడాల్సినవే. ఈరోజు మాత్రం నేను ఆ భూమి పైపొర గురించి, జానెడు లోతు కూడా లేని మట్టి గురించి చెప్తాను. అందులో దాక్కుని ఉన్న కలుపు విత్తనాల గురించి చెప్తాను. ఇదేం విషయంరా అని నవ్వుకోకండి. ముందు ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి.

మీ ఇంట్లో కలుపు ఎవరు తీస్తారు?

అమ్మ. అక్క. వదిన. నడుం వంగిపోయిన నాయనమ్మ కూడా. అవునా కాదా? చెట్టు కొట్టేది, కాల్చేది మగాళ్లు. అది కొన్ని రోజుల పని. వానలు పడ్డాక నెలల తరబడి వంగి చేసే పని మాత్రం ఆడవాళ్లది. నేను ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి చదివేటప్పుడు మా అక్క బడి మానేసింది. ఎవరూ మానెయ్యమనలేదు. చోడి చేలో రెండో కలుపు అయ్యేసరికి మొదట తీసిన చోట మళ్లీ గడ్డి లేచేది. అమ్మ ఒక్కతే ఎంతని తీస్తుంది? అక్క వానాకాలం వరకే అని ఆగింది. మళ్లీ వెళ్లలేదు. అందుకే కలుపు అనేది చిన్న విషయం అని ఎవరన్నా అంటే నాకు మా అక్క గుర్తొస్తుంది.

మా తాత ఇంకో మాట చెప్పేవాడు. ఆయన చిన్నప్పుడు పెద్ద అడవి కొట్టి పోడు చేస్తే మొదటి ఏడు కలుపు తీసే పనే పెద్దగా ఉండేది కాదంట. రెండో ఏడు కొంచెం. మూడో ఏడు గడ్డి ఎక్కువైపోయేది. అప్పుడు ఆ చోటు వదిలేసి ఇంకో చోటికి పోయేవాళ్లు. మళ్లీ ఆ మొదటి చోటికి వచ్చేసరికి పిల్లలు పెద్దవాళ్లయ్యేవాళ్లు. బయటివాళ్లు దీన్ని చూసి "మట్టి బలం అయిపోతే పారిపోతారు" అని రాశారు. మట్టి బలం సంగతి నిజమే. కానీ మా తాత పోడు వదిలింది సగం కలుపుకి ఓడిపోయి.

ఇది మన కొండల కథ ఒక్కటే కాదు. ఉత్తర లావోస్‌లో మనలాగే కొండ నరికి, కాల్చి వరి వేసే రైతులున్నారు. అక్కడి రైతులని అడిగి పరిశోధకులు లెక్క రాశారు. 1950ల్లో ఒక చోటు బీడుగా ఉండే కాలం సగటున 38 ఏళ్లు. 1992 నాటికి అది 5 ఏళ్లకి పడిపోయింది. అదే కాలంలో ఒక పంటకి కలుపు తీయడం సుమారు రెండుసార్ల నుంచి సుమారు నాలుగుసార్లకి పెరిగింది. బీడు తగ్గింది, నడుం నొప్పి రెట్టింపయింది. లావోస్ అమ్మలకీ మన అమ్మలకీ బాధ ఒకటే.

ఎందుకు ఇలా జరుగుతుంది? దీనికి జవాబు భూమి లోపల ఉంది.

మనం పంట ఇంటికొచ్చాక గింజలు గాదెలో పోసుకుంటాం కదా. కలుపు మొక్కలకీ ఒక గాదె ఉంది. అది మట్టే. ప్రతి కలుపు మొక్కా పూసి, కాసి, విత్తనాలు రాల్చి ఆ గాదె నింపుతుంది. కొన్ని మొక్కలు ఒక్కొక్కటీ వేల విత్తనాలు రాలుస్తాయి. అవన్నీ ఒకేసారి మొలవవు. అందులోనే ఉంది వాటి తెలివి. కొన్ని ఈ ఏడు లేస్తాయి, కొన్ని వచ్చే ఏడు, కొన్ని ఏళ్ల తరబడి నిద్రపోతాయి. మనం ఈ ఏడు చేను మొత్తం శుభ్రంగా తీసినా, తీసింది లేచిన మొక్కలనే. నిద్రలో ఉన్నవి కిందే ఉన్నాయి. కాబట్టి కలుపు సంగతి తేలాలంటే పైన కనిపించే గడ్డి కంటే కింద గాదెలో ఎంత ఉందో చూడాలి.

గాదెలోకి విత్తనాలు వచ్చే దారులు ఉన్నాయి. రాలడం, గాలికి ఎగిరిరావడం, పశువుల పేడలో రావడం, మన కొడవలికీ కాళ్లకీ అంటుకుని రావడం. బయటికి పోయే దారులు కూడా ఉన్నాయి. మొలకెత్తడం ఒకటి. చీమలు, పురుగులు, ఎలుకలు, పిట్టలు తినడం ఒకటి. తడి మట్టిలో బూజు పట్టి కుళ్లిపోవడం ఇంకొకటి. వచ్చేది ఎక్కువైతే గాదె నిండుతుంది. పోయేది ఎక్కువైతే ఖాళీ అవుతుంది. లెక్క ఇంతే.

ఇప్పుడు పాతకాలపు బీడు ఏం చేసేదో చూడండి. చేను వదిలేసిన మొదటి ఏడు గడ్డి, ముళ్లు విపరీతంగా లేస్తాయి. రెండో ఏడు, మూడో ఏడు పొదలు వస్తాయి. తర్వాత చెట్లు పెరిగి కొమ్మలు కలుస్తాయి. నీడ పడుతుంది. నీడ పడ్డాక ఎండ కోరే గడ్డి చచ్చిపోతుంది. కొత్త విత్తనాలు రాలడం ఆగిపోతుంది. పాతవి ఏళ్ల తరబడి కుళ్లుతూ, చీమల పాలవుతూ తగ్గిపోతాయి. ఇరవై ఏళ్లకి తిరిగొచ్చి కొడితే గాదె దాదాపు ఖాళీగా ఉంటుంది. పైగా నరికిన కట్టె ఎక్కువ కాబట్టి మంట బాగా మండి పైపైన ఉన్న విత్తనాలని కాల్చేస్తుంది. అయితే మంట వేడి మట్టిలోకి ఎక్కువ లోతు దిగదు. కొంచెం లోతున్న విత్తనం బతికే ఉంటుంది. గట్టి తోలున్న కొన్ని విత్తనాలైతే వేడి తగిలితే ఇంకా బాగా మొలుస్తాయి. కాబట్టి అసలు పని చేసింది నిప్పు కంటే ఎక్కువగా ఆ ఇరవై ఏళ్ల నీడ.

మరి ఇప్పుడు మన బీడు ఎన్నేళ్లు? రెండు, మూడు, ఎక్కువైతే నాలుగు. కొందరికి అదీ లేదు. ఇక్కడే దెబ్బ పడుతోంది. రెండేళ్లు ఊరికే వదిలేసిన చేను ఏమవుతుంది? ఆ రెండేళ్లూ గడ్డి, గడ్డిచామంతి, వయ్యారిభామ అడ్డూ అదుపూ లేకుండా పూసి కాస్తాయి. తీసేవాళ్లుండరు, నీడ ఇంకా పడలేదు. గాదె నింపే కాలం మొత్తం జరిగిపోయింది, ఖాళీ చేసే కాలం మొదలవకముందే మనం మళ్లీ కొట్టేశాం. విశ్రాంతి ఇచ్చామనుకుంటాం, నిజానికి కలుపుకి రెండు పంటలు పండించి ఇచ్చాం.

అందరం మళ్లీ ఇరవై ఏళ్ల బీడు పెట్టుకోగలమా? భూమి ఎక్కడుంది? ఉన్నది కొద్ది ఎకరాలు, చుట్టూ హద్దురాళ్లు. కాబట్టి ప్రశ్న ఇలా అడగాలి. ఇరవై ఏళ్ల నీడ చేసే పనిలో కొంతైనా రెండు మూడేళ్లలో చేయించుకోగలమా?

ఈ ప్రశ్న ఆఫ్రికా రైతులకి మనకంటే ముందే వచ్చింది. అక్కడ కూడా జనం పెరిగి, బీడు కుదించుకుపోయింది. నైజీరియాలోని ఇబాడాన్‌లో 1967లో అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ ఏర్పడింది. అక్కడి పరిశోధకులు పక్కపక్క మడుల్లో మూడు పద్ధతులు పెట్టి ఏళ్ల తరబడి చూశారు. ఒకటి, ఊరికే వదిలేసిన పొద బీడు. రెండు, సుబాబుల్ వరసలు. మూడు, పుయెరేరియా అనే చిక్కుడు జాతి తీగ. అక్కడ తేలిన విషయం మనకి అర్థమయ్యేదే. బీడు లేకుండా ఏటా సాగు చేసేకొద్దీ కలుపు పెరిగింది. కొద్దికాలం బీడు పెట్టినప్పుడు, నాటిన మొక్కలతో కప్పిన చోట ఊరికే వదిలేసిన చోటకంటే కలుపు తక్కువ.

నాటిన మొక్క ఎలా పని చేస్తుంది? నాలుగు రకాలుగా.

ఒకటి, నీడ. ప్రకృతి నాలుగైదేళ్లకి వేసే గొడుగుని మనం నాటిన మొక్క ఏడాది, ఏడాదిన్నరలో వేస్తుంది. కలుపు పూతకి రాకముందే గొడుగు మూసుకుంటే కొత్త విత్తనాలు గాదెలోకి రావు. పశ్చిమ ఆఫ్రికాలో ఇంపెరాటా అనే దర్భ లాంటి గడ్డి రైతులని పొలాలు వదిలేసేలా చేసింది. దాని వేరుదుంపలు ఎంత తవ్వినా మళ్లీ లేస్తాయి. కానీ అది నీడకి తట్టుకోలేదు. నీడ పడితే దుంపలో దాచుకున్న బలం అయిపోయి తగ్గిపోతుంది. బెనిన్ దేశంలో రైతులు దీనిమీద దురద లేని దూలగొండి రకం తీగని పాకించి అదుపు చేశారు.

రెండు, ఆకు గుండా వడకట్టిన వెలుగు. ఇది వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఆకుల కిందికి దిగే వెలుగులో ఎరుపు పాలు తగ్గిపోయి ఉంటుంది. చాలా చిన్న కలుపు విత్తనాలు ఆ తేడాని పసిగడతాయి. పైన ఇంకెవరో ఉన్నారు, ఇప్పుడు లేస్తే బతకను అన్నట్టు నిద్రలోనే ఉండిపోతాయి. అలా నిద్రలో ఉన్నవాటిని చీమలు, బూజు తింటూ ఉంటాయి.

మూడు, రాలిన ఆకు. ఆకు దుప్పటి కింద తడి నిలుస్తుంది, విత్తనం తినే పురుగులకి ఇల్లు దొరుకుతుంది, విత్తనాలు కుళ్లుతాయి. గసగసాలంత చిన్న విత్తనంలో ఉండే బలం కొంచెమే. ఆ బలంతో మందపాటి ఆకు పొర చీల్చుకుని పైకి రాలేదు.

నాలుగోది అన్నిటికంటే గమ్మత్తైనది. జొన్న వేసేవాళ్లకి జొన్నమల్లె తెలిసే ఉంటుంది. శాస్త్రంలో స్ట్రైగా అంటారు. జొన్న వేరుకి అతుక్కుని దాని రసం పీల్చేస్తుంది. పైకి మనకి కనిపించేసరికి కింద పంట సగం పోయి ఉంటుంది. దాని విత్తనం ధూళంత సన్నం. ఒక్క మొక్క పదుల వేల విత్తనాలు ఇస్తుంది, అవి పదేళ్లకి పైగా మట్టిలో బతకగలవు. కానీ అది ఎప్పుడంటే అప్పుడు మొలవదు. పక్కనే పంట వేరు ఉందని ఆ వేరు వదిలే రసాయనం ద్వారా తెలిస్తేనే మొలుస్తుంది. పశ్చిమ కెన్యాలో, తూర్పు జాంబియాలో మొక్కజొన్న రైతులు ఈ స్ట్రైగాతో నలిగిపోయారు. అక్కడ నైరోబీ కేంద్రంగా పనిచేసే వ్యవసాయ అడవుల పరిశోధన సంస్థ వాళ్లు, రైతులు కలిసి 1990ల్లో సెస్బేనియా సెస్బాన్ అనే చెట్టుని బీడులో నాటారు. మన జీలుగకి, అవిశకి చుట్టం అది. ఆ చెట్టు వేరు కూడా అలాంటి రసాయనమే వదులుతుంది. స్ట్రైగా విత్తనం అది నమ్మి మొలుస్తుంది. మొలిచి చూస్తే అతుక్కోవడానికి పనికొచ్చే వేరు లేదు. కొన్ని రోజుల్లో చచ్చిపోతుంది. పైగా ఆ చెట్టు వేళ్లు, రాలిన ఆకు వల్ల మట్టిలో నత్రజని పెరుగుతుంది. బలమున్న మట్టిలో స్ట్రైగా జోరు ఎలాగూ తగ్గుతుంది. కలుపు మందు కొనకుండా గాదె ఖాళీ చేసే పద్ధతి ఇది.

ఇంత మంచి చెప్పాను కదా అని రేపే నర్సరీకి పరిగెత్తకండి. చెడు కూడా చెప్తాను.

మొదటిది, నాటిన మొక్క కూడా కలుపు కావచ్చు. సుబాబుల్ ప్రపంచంలోని అతి చెడ్డ నూరు ఆక్రమణ జీవుల జాబితాలో ఉంది. కాయ రాలితే చాలు, ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది. కలుపు గాదె ఖాళీ చేయబోయి సుబాబుల్ గాదె నింపుకుంటే ఏం లాభం? పెడితే కాయ పట్టకముందే కొట్టాలి. సర్కారు తుమ్మ సంగతి నేను చెప్పక్కర్లేదు, మైదానంలో ఎకరాలకెకరాలు చూస్తూనే ఉన్నాం.

రెండోది, ఆలస్యం చేస్తే దండగ. మొక్క చిన్నప్పుడు కలుపే దాన్ని ముంచేస్తుంది. సుబాబుల్ మొదటి నెలల్లో చాలా నిదానంగా పెరుగుతుంది. కాబట్టి బీడు మొదలయ్యాక కాకుండా, చివరి పంట చేలో ఉండగానే, ఆఖరి కలుపు తీసిన వెంటనే నాటాలి. ఆఫ్రికాలో చాలాచోట్ల మొక్కజొన్న వరసల మధ్యే విత్తేస్తారు. పంట కోసేసరికి చెట్టు మోకాలెత్తు ఉంటుంది, గడ్డికంటే ముందుంటుంది.

మూడోది, మేకలు. గొడుగు మూసుకోకముందే మేక కొరికేస్తే అక్కడ ఎండ పడుతుంది, ఎండ పడ్డచోట గడ్డి పూస్తుంది. కంచె లేదా ఊరి కట్టుబాటు, ఏదో ఒకటి ఉండాలి.

నాలుగోది, బీడు కొట్టాక లోతు దున్నితే పాత విత్తనాలు పైకి వస్తాయి. మన పెద్దలు కర్రతో గుంట చేసి గింజ వేసేవాళ్లు. దాన్ని వెనకబాటుతనం అన్నారు. కానీ దానివల్ల కింద నిద్రపోయే విత్తనాలు కిందే ఉండిపోయేవి. ట్రాక్టరు తెచ్చేముందు ఇది గుర్తుపెట్టుకోండి.

మరి మనం ఏం నాటాలి? బయటినుంచి కొత్త మొక్క తేవాల్సిన పని లేదు. కంది ఉంది. పోడులో సామ, కొర్ర, చోడితో పాటు కంది వేయడం మనకి తెలుసు. ఆఫ్రికాలో కందినే బీడు మొక్కగా వాడి చూశారు. ఎక్కువకాలం ఉండే రకం కందిని చివరి ఏడు కాస్త ఒత్తుగా వేసి కోత తర్వాత కూడా ఉంచేస్తే నీడా వస్తుంది, పప్పూ వస్తుంది, పొయ్యిలోకి కట్టే వస్తుంది. గట్ల మీద గిరిపుష్పం కొమ్మ నాటితే బతుకుతుంది. జీలుగ ఉంది, వెంపలి ఉంది. ఏ చోటికి ఏది ఒత్తుగా పెరుగుతుందో మీ ఊరి పెద్దలని అడగండి. ఒకే చెట్టు వరసగా పెట్టకుండా రెండు మూడు కలపండి.

నా మాట నమ్మమని నేను అనను. మీరే లెక్కపెట్టండి. చదువుకున్న పిల్లలు ప్రతి ఊళ్లో చేయగలిగిన పని ఇది. ఒక చెట్ల బీడు, ఒక ఊరికే వదిలేసిన బీడు, ఒక ఏటా దున్నే చేను తీసుకోండి. ఒక్కోదాంట్లో పదిహేను ఇరవై చోట్ల నుంచి పది సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి విడివిడిగా కలపండి. మూడింటి నుంచీ ఒకే కొలత మట్టి తీసుకుని, రాళ్లు, వేళ్లు ఏరేసి, అడుగున చిల్లులు పెట్టిన పాత డబ్బా మూతల్లోనో, మట్టి మూకుళ్లలోనో రెండు మూడు సెంటీమీటర్ల మందం పరవండి. పక్కన బాగా వేయించిన ఇసుకతో ఇంకో మూకుడు పెట్టండి. అందులో ఏదన్నా మొలిస్తే అది గాలికి వచ్చిందని తెలుస్తుంది. రోజూ తడపండి. మొలిచినవి లెక్క రాసి పీకేయండి. మొలకలు ఆగిపోయాక మట్టి కదిపి మళ్లీ తడపండి. ఇలా రెండు మూడు నెలలు. నిద్రపోయేవి కొన్ని అప్పటికీ లేవవు, అయినా మూడు చేలకీ ఉన్న తేడా కళ్లకి కడుతుంది. ఆ పుస్తకం తీసుకెళ్లి గ్రామసభలో చదవండి. మీ అమ్మల ముందు చదవండి. ఏ మొలక ఏదో మీకంటే వాళ్లకే బాగా తెలుసు, వాళ్లచేతే పేర్లు చెప్పించి రాయండి.

ఇక చివరి మాట. ఇది విత్తనాల గురించి మొదలైనా మళ్లీ హక్కు దగ్గరికే వస్తుంది.

మా పక్క ఊళ్లో ఒక పెద్దాయన మూడేళ్లు బీడు పెట్టిన చేను కొలతకి వచ్చినప్పుడు, వచ్చినాయన "ఇక్కడ సాగు లేదు, చెట్లున్నాయి" అని రాసుకుపోయాడు. మూడేళ్ల విశ్రాంతి కాగితం మీద మూడేళ్ల గైర్హాజరు అయింది. అప్పటినుంచి ఆ ఊళ్లో ఎవరూ బీడు పెట్టడం లేదు. చేను పోతుందనే భయంతో ఏటా దున్నుతున్నారు. ఏటా దున్నితే గాదె ఏటా నిండుతోంది. ఆ భయం ఎవరు మోస్తున్నారు? మళ్లీ ఆడవాళ్లే, వంగి మోస్తున్నారు. ఆఖరికి కలుపు మందు డబ్బా అప్పు మీద ఊళ్లోకి వస్తుంది.

అటవీ హక్కుల చట్టం 2006, వ్యక్తిగతంగా గానీ ఉమ్మడిగా గానీ బతుకుతెరువుకి సాగు చేసుకునే హక్కుని గుర్తించింది. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉన్న భూమికి, 4 హెక్టార్లకి మించకుండా. హక్కుల నిర్ధారణ మొదలుపెట్టే అధికారం గ్రామసభది. ఇంటి గుర్తులు, గట్లు, చదును చేసిన నేల కూడా సాక్ష్యమే. హక్కు అడిగినాయన కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాటని రాసి పెడితే అది కూడా సాక్ష్యమేనని నిబంధనలు చెప్తున్నాయి. కాబట్టి బీడు పెట్టేముందు రాయించండి. ఏ చేను, ఎన్నేళ్లు సాగు, ఎన్నేళ్లు బీడు, ఏ మొక్క ఎందుకు నాటాం, మళ్లీ ఏ ఏడు కొడతాం. గ్రామసభ తీర్మానం పుస్తకంలో రాయించి సంతకాలు, వేలిముద్రలు పెట్టించండి. నాటిన రోజు ఫొటో తీసి ఉంచండి.

ఇంకో సంగతి. చెట్లు నాటడం మంచిదే కదా అని చెప్పి మన పోడులో ఎవరో వచ్చి నీలగిరో, ఇంకోటో నాటితే అది బీడు కాదు. బీడు అంటే మనం తిరిగొచ్చే భూమి. ఏ చెట్టు నాటాలో, ఎప్పుడు కొట్టాలో, ఆ తర్వాత ఏ గింజ వేయాలో మనం చెప్పేదైతేనే అది మన బీడు. తిరిగొచ్చి చోడి వేసుకోలేని చోట ఎంత నీడ పడితే ఏంటి, మట్టిలో కలుపు ఎంత తగ్గితే ఏంటి?

మా అక్కకి ఇప్పుడు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది ఈ ఏడు ఏడో తరగతి. పోయిన వానాకాలం మా చేలో ఒక మూల, చివరి కలుపు అయ్యాక, అక్కా నేనూ కలిసి కంది ఒత్తుగా వేశాం. అర ఎకరం కూడా లేదు. పక్కన ఊరికే వదిలేసిన మూల కూడా ఉంచాం, తేడా చూడాలని. మూకుళ్లలో మట్టి పోసి లెక్క రాసేది ఆ పిల్లే. బడికి పోయేముందు నీళ్లు చల్లి పోతుంది. ఈ వానాకాలం అది బడి మానకూడదు. మా ఇంట్లో ఈ పనంతా అందుకే.

మీ ఊళ్లో కూడా మొదలుపెట్టండి. లెక్క రాయండి. వచ్చే సభకి ఆ పుస్తకాలు పట్టుకు రండి, పక్కపక్కన పెట్టి చూద్దాం.

జల్, జంగల్, జమీన్ మనవే. ఆ జమీన్‌లో ఏముందో కూడా మనమే తెలుసుకుందాం.

జోహార్.